డౌటు బాబాయ్, ఎనిమిది కాళ్ల కొత్తల్లుడు

డౌటు బాబాయ్‌కి మతి తప్పిందనీ, సిటీ బస్సులో కూర్చుని అగ్గిపెట్టెతో గొడవ పెట్టుకున్నాడనీ చెప్పుకుంటున్నారు. అందులో సగమే నిజం. బస్సు నిజం, అగ్గిపెట్టె నిజం. ఆయన మాట్లాడింది మాత్రం అగ్గిపెట్టెతో కాదు, అందులో తగరపు కాగితంలో చుట్టి పెట్టుకున్న ఐసీ అనే ఎలక్ట్రానిక్ ముక్కతో. అదీ గొడవేం కాదు. నీ గురించి రాసిందంతా చదివాను, ఇప్పుడు నువ్వు చెప్పు అని మర్యాదగానే అడిగాడు. పక్క సీటావిడ లేచి వెళ్లి నిలబడిందంటే అది ఆవిడ ఇష్టం.

ఆయనకున్నది ఒకే ఒక్క జబ్బు. ఒక వస్తువు గురించి ఎవరేం రాసినా నమ్మడు, వస్తువునే అడిగి తెలుసుకుంటాడు. లిఫ్టులో ఎనిమిది మందికి అని రాసి ఉందని, ఎక్కినవాళ్లందరినీ మీ బరువెంత, మీ బరువెంత అని వరసపెట్టి అడిగాడు. ఆ రోజు నుంచీ ఆ బిల్డింగులో ఆడవాళ్లంతా మెట్లే ఎక్కుతున్నారు. ఒళ్లు తగ్గింది, ఆయన్ని తిట్టడం తగ్గలేదు. పరుపుల కొట్లో మెత్తగా ఉంటుందని రాసిన పరుపు మీద పడుకుని చూస్తానని పడుకున్నవాడు, కొట్టు మూసేవేళకి గానీ లేవలేదు. లేచి, ఇంకో వైపు కూడా చూడాలన్నాడు. జ్వరమొస్తే థర్మామీటరు నోట్లో పెట్టుకునే ముందు పిన్ని నోట్లో పెట్టి చూస్తాడు. పిన్నికి జ్వరం లేదని తేలాకే ఆయనకి ఉందని ఒప్పుకుంటాడు.

ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి. చెవి మిషన్లు చేసే చిన్న వర్క్‌షాపులో సర్క్యూట్లు గీసే పని. సరిగా వినపడని పెద్దవాళ్లు జేబులో పెట్టుకుని, తీగ చెవిలో పెట్టుకుంటారే, ఆ మిషన్లు. ఆ డబ్బాలో అసలు పనంతా చేసేది ఒక నల్లటి ఐసీ. ఎనిమిది కాళ్లుంటాయి, బొద్దింక పిల్లలా ఉంటుంది. ఆప్ యాంప్ అంటారు. చిన్న చప్పుడు ఇస్తే పెద్ద చప్పుడు చేసి పెడుతుంది.

ఆయన పక్క బల్ల టంకం అక్కది. పదో తరగతి సగంలో ఆపేసి చేరింది, పదకొండేళ్లయింది. ఆయన గీసిన సర్క్యూటుని ఆమె బోర్డు మీద టంకం పెట్టి అతికిస్తుంది. ఆమె చెయ్యి ఎంత శుభ్రమంటే, ఆ చుక్కలు వరసగా ముత్యాల్లా ఉంటాయి. బాబాయ్ పెట్టిన టంకం వేరు. అది చూస్తే పొయ్యి మీద పాలు పొంగినట్టుంటుంది. అందుకే ఆయన్ని టంకం కడ్డీ ముట్టనివ్వరు.

ఇప్పుడు అసలు సంగతి. అతికించే ముందు సర్క్యూటుని కంప్యూటర్లో గీసి, ఎలా పనిచేస్తుందో అందులోనే చూసుకోవచ్చు. దాన్ని సిమ్యులేషన్ అంటారు. అందుకు ఒక్కో ఐసీ గుణగణాలన్నీ రాసిన ఫైలు కావాలి. దాని పేరు మోడల్. ఆ మోడల్ అన్న మాట వింటే చాలు, బాబాయ్ మీసం లేచి నిలబడుతుంది. కొన్ని ఐసీలకి అసలు మోడలే ఉండదు. కొన్నింటికి ఉంటుంది గానీ ప్లస్సు కాలు మైనస్సు దగ్గరా, మైనస్సు కాలు ప్లస్సు దగ్గరా ఉంటాయి. ఒకసారి తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెడితే ఆ కంప్యూటరు ఐసీ నాలుగు వేల వోల్టులు ఇచ్చింది. బాబాయ్ అందర్నీ పిలిచి చూపించాడు, ఇక కరెంటు స్తంభాలు పీకేయమన్నాడు.

కంప్యూటర్లో ఉండే ఆప్ యాంపంటే కొత్తల్లుడని ఆయన సిద్ధాంతం. ఏం పెట్టినా బాగుందండీ అంటాడు, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాడు. నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకుంటే గదా తెలిసేది, గురక ఉందో, కోపముందో. అందుకని ప్రతి ఐసీనీ నాలుగు రోజులు పక్కన పెట్టుకుని ఎండలో ఒకసారి, ఫ్రిజ్‌లో ఒకసారి, చంకలో ఒకసారి కొలిచేవాడు. తప్పులు కనిపిస్తే కంపెనీకి ఉత్తరం రాసేవాడు. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని జవాబొచ్చేది. అలాంటి ధన్యవాదాలు ఆయన దగ్గర పంతొమ్మిది ఉన్నాయి, క్లిప్పు పెట్టి దాచుకున్నాడు.

ఇంతలో పాత ఐసీ తయారీ ఆగిపోయి, దాని బదులు కొత్తది వచ్చింది. సాఫ్ట్‌వేర్లో దాని మోడల్ లేదు. బాబాయ్ తనకి వారం కావాలన్నాడు. మేనేజరు సబ్బులు అమ్మే కంపెనీ నుంచి వచ్చినవాడు. వారమెందుకు, దీనిలాంటి ఇంకో ఐసీ, దీని అన్నదమ్ముడి మోడల్ ఉందిగా, అది పెట్టేయండి అన్నాడు. పెట్టి చూస్తే కంప్యూటరు బ్రహ్మాండంగా ఉందంది. అక్క పది బోర్డులు అతికించి పంపింది.

సోమవారం పొద్దున పదీ వెనక్కొచ్చాయి. మామూలు మాటలు చక్కగా వినపడుతున్నాయి గానీ, ఎవరైనా గట్టిగా నవ్వినా, తలుపు ధడాలున పడినా, చెవిలో టపాకాయ పేలినట్టు ఠప్పుమంటోందట. ఒక పెద్దాయన మనవడు తుమ్మితే కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా పరిగెత్తాడట. మోకాళ్ల నొప్పి అని ఆరు నెలలుగా కదలని మనిషి.

మేనేజరు ఆ పది బోర్డులూ తెచ్చి అక్క ముందు పోశాడు.

"కంప్యూటర్లో సర్క్యూటు కరెక్టుగా ఉంది. ఇక తప్పు ఎక్కడుంటుందమ్మా? టంకంలోనేగా."

"ఒక్క చుక్క చూపించండి సార్, సరిగా లేనిది."

"నాకేం తెలుస్తుంది, నేను చూస్తే. శనివారం దాకా టైమిస్తున్నా. తప్పు టంకంది కాదని తేలకపోతే ఈ బల్ల మీద వేరేవాళ్లు కూర్చుంటారు."

అక్క బాబాయ్ వైపు చూసింది. ఆయన ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే చాలుననుకుంది. ఆయన కొత్త ఐసీని భూతద్దం కింద పెట్టుకుని ఎక్కడో ఉన్నాడు. అక్కకి కడుపు మండింది. పదకొండేళ్లు పక్కన కూర్చున్నందుకు గొంతు సవరించుకోవడమైనా రాదా ఈ మనిషికి అని లోపల్లోపల నానా మాటలూ అనుకుంది.

మంగళవారం నుంచి బాబాయ్ టెస్టింగు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. టంకం చుక్క లేకుండా, గుచ్చితే సరిపోయే బోర్డు మీద ఐసీని నిలబెట్టి, దానికి చప్పుళ్లు వినిపించడం మొదలుపెట్టాడు. క్యాంటీన్లో స్టీలు పళ్లేలన్నీ అరువు తెచ్చి ఒక్కోటీ కింద పడేశాడు. వాచ్‌మన్‌ని పిలిచి ఈల వేయించాడు. బుధవారం ఎవరింట్లో ఏ చప్పుడు ఎక్కువని వాకబు చేశాడు. అకౌంట్ల ఆవిడ మా అత్తగారి గొంతు అంది, అదెన్ని డెసిబుల్స్ అని ఈయన నోట్ చేసుకున్నాడు. అక్క టీ తీసుకెళ్లి తలుపు తడితే, కప్పు చప్పుడు చేయకు, కొలత పాడవుతుందని కసురుకున్నాడు. ఆమె ఆ టీ తనే తాగేసింది, ఆయనకి పెట్టిన రెండు బిస్కెట్లూ తినేసింది.

గురువారానికి దొరికింది. లోపలికొచ్చే చప్పుడు ఒక హద్దు దాటిందంటే, కిందికి దిగాల్సిన ఈ ఐసీ వోల్టేజీ ఉన్నపళంగా ఎదురుతిరిగి పైకి ఎగురుతుంది. ఎగిరినప్పుడే చెవిలో ఠప్పు. కొత్తల్లుడికి కోపముంది. అన్నదమ్ముడి మోడల్లో ఆ సంగతి ఎవరూ రాయలేదు.

ఆ గుచ్చిన బోర్డు తీసుకెళ్లి చూపిస్తే మేనేజరు వైర్లు లూజుగా ఉన్నాయేమో అన్నాడు. ఆయనకి కళ్లముందు ఉన్నది ఆనదు, తెర మీద కనిపిస్తేనే నిజం. అందుకని బాబాయ్ శుక్రవారమంతా కూర్చుని, ఎప్పుడు ఎంత చప్పుడుకి ఎలా ఎదురుతిరుగుతుందో అంకెలతో సహా కొత్త మోడల్ రాశాడు. శనివారం పొద్దున మేనేజరుని, అక్కని, ఇద్దర్నీ కూర్చోబెట్టి, పాత మోడల్ తీసేసి తనది పెట్టి మీట నొక్కాడు. తెర మీద గీత చక్కగా పోయి పోయి, ఒక్కచోట నిట్టనిలువునా లేచింది. టంకం అనేదే లేని కంప్యూటర్లో ఠప్పుమంది.

మేనేజరు తనే ఇంకోసారి మీట నొక్కాడు, మళ్లీ ఠప్పుమంది. అక్క ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది, ఆమె చూడాల్సింది అయిపోయింది.

మిషను మైకు దగ్గర డయోడ్లనే చిన్న ముక్కలు రెండు కాపలా పెడితే చప్పుడు హద్దు దాటదు. అక్క పది నిమిషాల్లో ఒక బోర్డుకి అవి అతికించింది. బాబాయ్ ఆ మిషను తన చెవిలో పెట్టుకుని మేనేజరు ముందు నిలబడ్డాడు.

"టెస్టు చేయాలి. ఏదైనా మాట్లాడండి."

"ఏం మాట్లాడను?"

"అమ్మాయికి చెప్పాల్సిన మాట ఒకటుందిగా, అది చెప్పండి."

మేనేజరు చాలా చిన్నగా సారీ అన్నాడు. బాబాయ్ అంకె రాసుకుని, ఇంకొంచెం గట్టిగా అనండి అన్నాడు. మేనేజరు మళ్లీ అన్నాడు. సరిపోదు, హద్దు దాటాలి కదా అన్నాడు బాబాయ్. మూడోసారి సారీ అమ్మా అన్న కేకకి ప్యాకింగు సెక్షన్ వాళ్లంతా తలుపు దగ్గరికొచ్చారు. మిషను ఠప్పుమనలేదు. బాబాయ్ పాసు అని రాసుకున్నాడు.

రికార్డు కోసం ఆ మోడల్ ఫైలు ప్రింటు తీయమన్నారు. ప్రింటరు అక్క బల్ల పక్కనే ఉంది. నాలుగు పేజీలూ అంకెలే, మధ్య మధ్య నక్షత్రం గుర్తుతో మొదలయ్యే వరసలు మాత్రం తెలుగులో ఉన్నాయి. నక్షత్రమున్న వరసని కంప్యూటరు చదవదు, దాటేస్తుంది. బాబాయ్ ఆ వరసల్లో ఐసీని తిట్టి ఉన్నాడు, ప్రతి తిట్టు పక్కనా తేదీ, టైమూ వేసి. అంకెలు రాసింది శుక్రవారమే గానీ, ఈ వరసలు మొదటి రోజు నుంచీ ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఉన్న వరస సోమవారం పదకొండుంబావుది. అంటే మేనేజరు బోర్డులు పోసి వెళ్లిన పావుగంటకి రాసింది.

‘ఇందులో టంకం తప్పు లేదు. అతికించిన చెయ్యి మంచి చెయ్యి. ఇక ఐసీ సంగతి చూద్దాం.’

అక్క ఆ కాగితం పట్టుకుని నేరుగా ఆయన బల్ల దగ్గరికెళ్లింది.

"బాబాయ్ గారూ, మీరు కొలవడం మొదలుపెట్టింది మంగళవారం. సోమవారమే టంకం తప్పు లేదని ఎలా రాశారు?"

"అది నువ్వెందుకు చదివావు? ఫైల్లో పెట్టమంటే పెట్టాలి గానీ."

"చెప్పండి. లోకంలో దేన్నీ కొలవకుండా నమ్మరు కదా మీరు."

బాబాయ్ కళ్లద్దాలు తీసి తుడిచాడు. తుడిచినవే మళ్లీ తుడిచాడు.

"కొలవకుండా ఎందుకు నమ్ముతాను. నువ్వు చేరిన కొత్తలో, రోజూ నువ్వు ఇంటికెళ్లాక ఒక బోర్డు తీసుకుని, ఒక్కో కాలూ పటకారుతో పట్టి లాగేవాణ్ణి. ఒక్కటీ ఊడేది కాదు."

"ఎన్నాళ్లు లాగారు?"

"నాలుగేళ్లు."

"నాలుగేళ్లా బాబాయ్ గారూ."

"మూడేళ్లకే నమ్మకం కుదిరిందమ్మాయ్. నాలుగో ఏడు ఊరికే, చూడ్డానికి బాగుంటాయని."

తిట్టాలో ఏడవాలో అక్కకి తేల్చుకోవడం కుదరలేదు. ఇంట్లో మొగుడు ఏడేళ్లుగా ఆమె చేసిన కూర తింటున్నాడు, ఇవాళ ఏం కూర తిన్నావంటే చెప్పలేడు. తను పెట్టిన చుక్కల్ని ఒక మనిషి ఒక ఏడాదంతా ఊరికే చూశాడన్నమాట. చివరికి నవ్వేసి, ఆ నాలుగేళ్లలో పాడైన బోర్డులుంటే చెప్పండి, అవి నా తప్పు కాదని నేనూ రాసి పెట్టుకుంటానంది. వెళ్లి టీ తెచ్చింది. ఈసారి బిస్కెట్లు కూడా ఆయనకే పెట్టింది.

బాబాయ్ ఇప్పుడు రిటైరయ్యాడు. ఇంట్లోనే ఉండి, ఎవరికి ఏ ఐసీ మోడల్ దొరక్కపోయినా కొలిచి రాసి పంపుతున్నాడు. ఎక్కడెక్కడి వాళ్లో అడుగుతుంటారట. మీ సర్క్యూటు తప్పు కాదు బాబూ, ఈ ఐసీయే మాయలాడి అని అందరికీ నక్షత్రం పెట్టి మరీ రాస్తున్నాడు. పిన్ని, కూతురికి సాయంగా ఉంటానని వెళ్లి రెండు నెలలైంది. అక్క ఆదివారాలు వెళ్లి చూసొస్తుంది, మిగతా ఆరు రోజులూ ఆమెకి డ్యూటీ. మీలో ఎవరైనా ఆ వీధిన వెళ్తుంటే దయచేసి ఒకసారి తొంగిచూడండి. చేతిలో రేడియో లాంటిది ఏదైనా ఉంటే బయటే వదిలి వెళ్లండి, లేకపోతే మీరు ఆ పూటకి ఇల్లు చేరరు. భోంచేశారా బాబాయ్ గారూ అని అడగండి. చేశాననే అంటాడు. ఆ మాట నమ్మకండి. వంటింట్లోకి వెళ్లి కంచం తడిగా ఉందో లేదో మీ చేత్తో ముట్టుకుని చూసి రండి.