అయిదో ముత్తైదువ

ఏళ్ళ తరబడి ఒక మాట మోస్తున్నాను. "అవునండీ" అన్నాను. అంతే. రోజూ ఎన్నిసార్లో అనే మాట. ఆ ఒక్కసారి అనకుండా ఉంటే ఒక మనిషి బతుకు వేరుగా నడిచేదా? తెలియదు. తెలియదు అనడం కూడా తప్పించుకోవడమేనేమో.

నా పేరు చెప్పను. ఏడుస్తూ రాస్తున్నానని కూడా అనుకోవద్దు. నేను చేసినవాటిలో చాలావాటికి నాకు సిగ్గు లేదు. ముందు అవే చెప్తాను. మీలో చాలామంది వాటినే తప్పంటారు. మీ కోపమంతా అక్కడే ఖర్చు చేసుకుంటే, అసలు తప్పు దగ్గర నన్ను నిదానంగా చూడగలుగుతారు.

మాది నాయుడుపేట దగ్గర పల్లె. వరి పండించే కుటుంబం. పెళ్ళయిన రెండో ఏడు నా భర్త జ్వరంతో పోయాడు. మంచివాడో కాదో తెలుసుకునేంత కాలం మేం కలిసి లేము. అన్న ఇంట్లో నాకొక గది ఇచ్చారు. తిండికి లోటు లేదు. చదువుకుంటానంటే అన్న కాదనలేదు, గూడూరు వెళ్ళినప్పుడల్లా లైబ్రరీ పుస్తకాలు తెచ్చిపెట్టేవాడు. ఇంట్లో ఏదైనా శుభకార్యం మొదలవుతుంటే మాత్రం వదిన ఒకసారి నావైపు చూసేది. నేను లేచి గదిలోకి వెళ్ళేదాన్ని. ఎవరూ పొమ్మన్నది లేదు. చూస్తే చాలు.

పందొమ్మిది వందల యాభైల చివర, నెల్లూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. అన్న తోడు వస్తానన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అప్పుడు నాకే తెలియదు. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్టతో ఒక్కదాన్నే రైలెక్కాను.

నెల్లూరులో దిగి ముందు నిజమే చెప్పాను. అది గుర్తుంచుకోండి. సత్రంలో ఉంటూ, డ్యూటీ అయ్యాక అద్దెగది కోసం వీధి వీధీ తిరిగాను. పెళ్ళయిందా అంటే అయిందన్నాను, భర్త ఎక్కడంటే పోయాడన్నాను. తలుపులు మూసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఒకావిడ అయితే మజ్జిగ ఇచ్చి మరీ చెప్పింది, నేను మంచిదాన్నేనట, కానీ పొద్దున్నే వాళ్ళాయన కొట్టుకు బయల్దేరేటప్పుడు నేను ఎదురొస్తే ఎట్లా అని. ఆ మజ్జిగ తాగాను. దాహంగా ఉంది మరి.

సత్రం వాళ్ళు ఇక ఖాళీ చేయమన్నారు. ఆ సాయంత్రం బజారుకు పోయి కుంకుమ, నల్లపూసలు, ఒక జత మెట్టెలు కొన్నాను. పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. మోసం చేస్తున్న మనిషి కనిపిస్తుందనుకున్నాను. నేనే కనిపించాను. బొట్టు నాకు పుట్టినప్పటి నుంచీ ఉన్నది. ఆయన తెచ్చింది కాదు, ఆయనతో పోవడానికి. ఇందులో ఒప్పుకోవలసిన తప్పేమీ లేదు. ఇప్పటికీ అదే అంటాను.

మూలాపేటలో కామాక్షమ్మ గారు తన ఇంటి వెనక భాగం అద్దెకిస్తారని తెలిసి వెళ్ళాను. ఆవిడ ముందు నా కాళ్ళు చూసింది. తర్వాత మొహం చూసింది.

"మీ ఆయన యాడ ఉండాడమ్మా?"

"మద్రాసులో. ఓడ మీద పని."

"ఓడ మీదా! మా పినమామ ఒకాయన ఓడెక్కి బర్మాకి, రంగం పోయినాడు. ఈనాటికీ రాలా. ఆడ ఇంకో సంసారం పెట్టుకొని ఉంటాడని మా అత్త అంటది. నీ మొగుడు వస్తాడా?"

"వస్తాడండీ."

"ఏమో తల్లీ. బాడుగ మాత్రం ఓడతో పనిలేకుండా నెలనెలా రావాల."

తనే నవ్వింది. నేనూ నవ్వాను. చాలాకాలానికి నవ్వాను. ఆ తర్వాత ఏళ్ళపాటు అదే వేళాకోళం. పండగొస్తే చాలు, "ఏమ్మే, మీ ఆయన ఓడ ఇంకా బయల్దేరలేదా? ఈతకొట్టుకుంటా వచ్చినా ఈపాటికి మైపాడు ఒడ్డున తేలుండును" అనేది. భర్త వదిలేశాడని ఆవిడ లోలోపల అనుకుందని నా నమ్మకం. జాలిపడింది, పరువు కాపాడింది. నా గది ముందు ఎవరైనా ఆ మాట ఎత్తితే కసిరేది.

ఆవిడకు ఒక్కతే కూతురు. పెంచలమ్మ. ఎనిమిదో క్లాసుతో బడి మాన్పించారు. నా దగ్గరున్న పుస్తకాలన్నీ చదివింది, బాగాలేనివి బాగాలేవని మొహం మీదే చెప్పేది. నేను డ్యూటీ నుంచి రాగానే ఎక్స్ఛేంజి కబుర్లు అడిగేది. ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎవరు అరిచారు, ఎవరు ఏడ్చారు. చెప్పకూడదంటే అలిగేది. ఒకరోజు, "అక్కా, ఆడ నాకూ ఒక కుర్చీ ఇప్పించరాదా?" అంది. ఎస్సెల్సీ పాసవ్వాలన్నాను. "అయితే పాసవుతా. ఎంతసేపు?" అంది. ఆ ఏడే సంబంధం కుదిరింది.

పెళ్ళిపనులకు మొదట పసుపు దంచాలి. అయిదుగురు ముత్తైదువలు రోకలి పట్టుకోవాలి. నలుగురు వచ్చారు. అయిదో ఆవిడ, పక్కింటావిడ, ఆ పొద్దున్నే పురిటి మైల కబురు వచ్చి రాలేకపోయింది. కామాక్షమ్మ గారు నా గది ముందుకొచ్చి, లేచి రమ్మంది.

ఇక్కడ కొంచెం ఆగాలి.

నాకు తప్పుకునే దారి ఉంది. ప్రతి ఆడదానికీ ఉన్న దారి. బయట చేరానంటే చాలు, ఎవరూ మారు మాట్లాడరు, ఎవరూ లెక్క అడగరు. అప్పటికే వాళ్ళింట్లో నోములకూ పేరంటాలకూ ఆ అబద్ధం చాలాసార్లు ఆడాను. నాలుక మీదికి వచ్చింది కూడా. ఆడలేదు. భయపడి కాదు, మొహమాటపడి కాదు. నాకు వెళ్ళాలనిపించింది. వదిన చూపుకు లేచి గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ గోడ అవతల విన్న ఆ రోకటి చప్పుడు, ఒక్కసారి నా చేతికింద వినాలనిపించింది. వెళ్ళాను. దంచాను. చేతులు పచ్చగా అయ్యాయి. పెంచల పక్కన నిలబడి నన్నే చూసి నవ్వుతోంది. ఆ రోజు నేను సంతోషంగా ఉన్నాను. దానికీ క్షమాపణ చెప్పను.

పెళ్ళికొడుకు కృష్ణపట్నం దగ్గర ఉప్పు కొఠార్లలో గుమాస్తా. పెళ్ళయి ఏడాది నిండలేదు. కార్తీకంలో గాలివాన వచ్చింది. ఉప్పు పడవతో కాలువ మీద వస్తుంటే, కాలువ ఏట్లో కలిసేచోట పడవ తిరగబడింది. పడవ నడిపే సరంగూ కూలీలూ ఈది బయటపడ్డారు. అతను ఈదలేకపోయాడు. ఎక్స్ఛేంజిలో ఆ వైపు లైన్లన్నీ చచ్చిపోయి ఉన్నాయి. కబురు మనిషి తెచ్చాడు.

గాలివాన పసుపును అడిగి రాదు. నాకు తెలుసు. సముద్రంలో వాయుగుండం ఎట్లా పుడుతుందో చదివాను. నా చేయి తగిలి ఎవరూ చావలేదు. ఇది మాత్రం ఎవరొచ్చి వాదించినా వినను.

పదో రోజున పెంచలను పుట్టింటికి తెచ్చారు. గాజులు తీసే ముందు కామాక్షమ్మ గారు నా దగ్గరికి పరుగున వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "నువ్వు బయటికి రాబాకమ్మా. పసుపుకుంకాలున్నదానివి. దాని మొహం నీ కంట పడగూడదు" అని, నా తలుపు తనే దగ్గరగా వేసి వెళ్ళింది. కూతురు అట్లా ఉన్నప్పుడు కూడా నన్ను కాపాడాలనుకుంది. పెరట్లో ఆ పని చేయడానికి ఎవరో ముసలి వితంతువులను పిలిపించారు. తలుపుకు ఇవతల నేను కూర్చున్నాను. ఆ ఇంట్లో పెంచల పక్కన నిలబడే హక్కున్నవాళ్ళలో నేనొకదాన్ని. గడియ పెట్టుకున్నాను.

అత్తవారు ఆమెను మళ్ళీ తీసుకుపోలేదు. అడుగుపెట్టిన వేళ మంచిది కాదన్నారు. కామాక్షమ్మ గారు పట్టరాని కోపంతో, పట్టరాని భయంతో పెళ్ళినంతా మొదటి నుంచీ తవ్వడం మొదలుపెట్టింది. ఎవరు తుమ్మారు, ఏ గిన్నె దొర్లింది, ముహూర్తం ఎవరు పెట్టారు. ఒక మధ్యాహ్నం వసారాలో చుట్టాలందరూ కూర్చుని ఉండగా పసుపు దగ్గరికి వచ్చింది. నలుగురి పేర్లూ చెప్పి నావైపు తిరిగింది. పెంచల గడప లోపల గోడకు ఆనుకుని వింటోంది.

"చెప్పమ్మా నువ్వు. అయిదుమందీ ముత్తైదువలే గదా దంచినారు? మా వైపు లోపం ఏముండాది?"

"అవునండీ," అన్నాను.

అందరూ నిట్టూర్చారు. ఎవరో మెల్లగా అన్నారు, "అయితే పిల్ల రాతే." లోపం ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కదా. మిగతా చోట్లన్నీ మూసుకున్నాక అది పోయి పెంచల మీద కూర్చుంది. ఆఖరి చోటు మూసింది నేను.

ఆ సాయంత్రం పెరట్లో బావి దగ్గర పెంచల నన్ను ఆపింది.

"అక్కా, అయితే నావల్లేనా?"

"పిచ్చిదానా. గాలివానవల్ల. ఎవరివల్లా కాదు."

"గాలివాన అందరికీ వచ్చింది గదక్కా. పడవలో వాళ్ళందరూ ఈదుకొని వచ్చినారు."

"ఆయనకు ఈత రాదు. అంతే."

చాలాసేపు చేదతాడు వేలికి చుట్టుకుంటూ ఉంది. తర్వాత, కోపంగా కూడా కాదు, అలసిపోయినట్టు అంది: "నీకు తెలీదులే అక్కా. నీకు ఆయన ఉండాడు."

నేను ఊరుకున్నాను.

ఇదే నేను చెప్పవలసింది.

ఆ తర్వాత నాకు నేను చాలా చెప్పుకున్నాను. నేను వితంతువునని చెప్తే, నా వల్లే చచ్చాడని వాళ్ళు నమ్మేవాళ్ళు, ఆ మూఢనమ్మకానికి నేనే సాక్ష్యం చెప్పినట్టయ్యేది, అది నేను చేయను అనుకున్నాను. మంచి వాదనే. పుస్తకాలు చదివినవాళ్ళకు మంచి వాదనలు చప్పున దొరుకుతాయి. కానీ ఆ మధ్యాహ్నం నిజం చెప్పబోయి అవునండీ అన్నప్పుడు నా మనసులో మెదిలింది వాదన కాదు, నా గది. దాని కిటికీ, పొద్దున కాఫీ, వాకిట్లో పలకరింపు. మళ్ళీ వీధి వీధీ తిరగడం. ఎవరో ఇచ్చే మజ్జిగ.

నింద నా మీదికి తీసుకోలేదన్నది కూడా పెద్ద తప్పు కాదనుకుంటాను. అబద్ధపు నింద ఎవరు మాత్రం ఎందుకు మోయాలి? వసారాలో చెప్పకపోతే పోనీ. బావి దగ్గర ఎవరున్నారు? తనూ నేనూ. "నాకు తెలుసు, నాకూ ఆయన లేడు, ఉద్యోగం చేస్తున్నాను, నవ్వుతున్నాను, బొట్టు పెట్టుకున్నాను, రైలు ఎక్కితే చాలు" అని ఆ పిల్లకు చెప్పగలిగినది ఆ ఊరు మొత్తంలో నేనొక్కదాన్నే కావచ్చు. ఎస్సెల్సీ ఎంతసేపు అని అడిగిన పిల్ల. నేను దాచుకున్నది నా సిగ్గును కాదు. తన దారిని.

రెండేళ్ళకు డిపార్టుమెంటు క్వార్టర్సు వచ్చింది, మారిపోయాను. అప్పుడప్పుడు పుస్తకాలు పట్టుకెళ్ళేదాన్ని. పెంచల తీసుకునేది. ఇది బాగుంది, ఇది బాగాలేదు అనడం మానేసింది. మొన్న వానాకాలంలో జ్వరమొచ్చి చనిపోయింది. నేను వెళ్ళేసరికి పడుకోబెట్టి ఉన్నారు. నుదురు ఖాళీగా ఉంది. కామాక్షమ్మ గారికి చూపు తగ్గింది. చేత్తో తడిమి నన్ను పోల్చుకుని, అలవాటు కొద్దీ, అంత దుఃఖంలోనూ అడిగింది, "మీ ఆయన వచ్చినాడా తల్లీ?" అని.

రాలేదన్నాను. ఆవిడకు ఇక నిజం చెప్పను. ఇప్పుడు చెప్తే అది ఆవిడను చంపడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఇది కూడా మంచి వాదనేనా? కావచ్చు. మీరే చూసుకోండి.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించవలసిన మనిషి లేదు, ఆమె తరఫున ఎవరైనా క్షమిస్తే నేను ఒప్పుకోను. ఈ పొద్దున కూడా బొట్టు పెట్టుకున్నాను. రేపూ పెట్టుకుంటాను. నల్లపూసలు తీసి పెట్టెలో పెట్టాను. ఎక్స్ఛేంజిలో పక్క కుర్చీ అమ్మాయి మెడవైపు చూసి, ఏమైందని అడిగింది. నా భర్త పోయి చాలా ఏళ్ళయిందని చెప్పాను. చెప్పి, తర్వాతి కాల్ కలిపాను. అంత తేలికైన మాట.

బావి దగ్గర నువ్వన్నదానికి నేను జవాబివ్వలేదు.

నాకు తెలుసు, పెంచలా. నాకు తెలుసు.