నడిసముద్రంలో తీజ్ బుట్ట

గార్ల దగ్గరి లంబాడీ తండాలో పుట్టి, గురుకుల హాస్టల్లో చదువుకుంటూ, హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవ నడపడం నేర్చిన పిల్ల దీప. ఇప్పుడు ఆస్ట్రేలియా నుంచి మారిషస్‌కు పోయే ఒక చిన్న తెరచాప నౌకలో పనిచేస్తోంది. నౌక జగపతి, విమల దంపతులది. జగపతి నేవీలో పనిచేసి రిటైరైన మనిషి, సొంతూరు తొర్రూరు పక్కనే. నౌకలో ఉన్నది ఆ ముగ్గురే. ఒకరు చుక్కాని దగ్గర కూర్చుంటే ఒకరు వండాలి, ఒకరు పడుకోవాలి. పడుకోవడమంటే హాయిగా అనుకునేరు. నౌక ఒరిగినప్పుడల్లా దొర్లిపోకుండా పక్కకు గుడ్డ అడ్డం కట్టుకుని పడుకోవాలి. అన్నం గిన్నెను పట్టుకోకపోతే ఎదుటివాళ్ల ఒళ్లోకి పోతుంది. తెల్లారేసరికి పైన డెక్ మీద ఎగిరిపడ్డ చేపలుంటాయి. వాటిని ఏరి పారేయడం దీప పని.

అలాంటి చోట ఈ మొండిపిల్ల తీజ్ పెట్టుకుంది. శ్రావణంలో తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. అన్నాళ్లూ తిండిలో ఉప్పు ముట్టరు. మొలక పచ్చగా లేస్తే ఆ పిల్ల బతుకూ పచ్చగా ఉంటుందని నమ్మకం. దసరా వెళ్లాక దీపకు పెళ్లి. పెళ్లయితే మళ్లీ బుట్ట పెట్టే వీల్లేదు. ఎక్కడున్నా పెట్టాల్సిందే, మొలక ఎండనివ్వకూడదని, దీప యాడి అని పిలిచే తల్లి నీలి బయల్దేరేముందు ఫోన్లో మరీ మరీ చెప్పింది. మట్టి లేక దీప కొబ్బరి పీచులోనే గింజలు చల్లింది.

చుట్టూ చూస్తే ఉప్పే. పెదాల మీద ఉప్పు, దుప్పట్లో ఉప్పు. మంచినీళ్లకు మాత్రం కరువు. సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే మిషన్ దారిలో మొరాయించింది. అప్పట్నుంచి విమల ఎవరి సీసా వాళ్లకు కొలిచి నింపుతోంది. సీసాలు కలిసిపోకుండా మెడలకు తలా ఒక రంగు దారం కట్టింది. స్నానం, గిన్నెలు, బట్టలు అన్నీ బకెట్‌తో తోడిన సముద్రపు నీళ్లతోనే. దీప తన సీసాలో సగం బుట్టకే పోసేది. నోరెండినా అంతే.

అది జగపతి రోజూ చూస్తూనే ఉన్నాడు. ఒక ఉదయం దీప తన వంతు కాపలా ముగించి నిద్రపోతోంది. ఈ పూటకైనా పిల్ల నీళ్లు మిగలనీ అని, తన సీసాలోవి పోద్దామని లేచాడు. మధ్యలో తెరచాప తాడు బిగించి వచ్చేసరికి ధ్యాస మళ్లింది. వారాలుగా అలవాటుపడ్డ చెయ్యి కదా, మగ్గును నేరుగా బకెట్లో ముంచింది. బుట్టంతా తడిపాక గానీ ఆయనకు తెలిసి రాలేదు. ఇంకొకరైతే నోరు మూసుకునేవారు. ఆయన పోయి దీపను లేపాడు.

"పాడు జేసిన బిడ్డా. ఉప్పు నీళ్లు వోసిన."

దీప బుట్టను ఒళ్లో పెట్టుకుని కూలబడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గాలివానలో తెరచాప దించడానికి జంకని పిల్ల, వేలెడంత మొలకల కోసం వెక్కి వెక్కి ఏడ్చింది.

"మా యాడికి ఏమని చెప్పాలె సార్? పెండ్లి ముంగట గిట్లయితే ఎట్ల?"

"ఏడువకు. కడిగితే ఉప్పు పోతది."

"దేనితోని కడుగుతం? నా నీళ్లు అయిపాయె."

జగపతి లోపలికి పోయి తన సీసా తెచ్చాడు. అడుగు నుంచి కారిపోయేదాకా బుట్ట మీద వంచాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చాయ్ లేనిదే కళ్లు తెరవని మనిషి చాయ్ మానేశాడు. "గొంతెండి పడిపోతే మిమ్ముల్ని నేను మొయ్య" అని విమల కసురుతూనే తన సీసాలోంచి పోసింది.

కొన్ని మొలకలు పసుపుబారి వాలిపోయాయి. మిగతావి బతికాయి, పచ్చగానే లేచాయి. అవి తల ఎత్తిన పొద్దున దీప ముఖం చూడాలి.

తొమ్మిదో రోజు ఆమె తమ భాషలో పాట పాడి, గుప్పెడు మొలకలు తుంచుకుని, తండాలో చెరువులో కలిపినట్టే బుట్టను సముద్రంలో విడిచింది. తర్వాత జగపతి ముందుకొచ్చి నిలబడింది.

"తల వంచుండ్రి సార్. మొలకలు అన్న తలపాగల వెడతం. మా సురేందరన్న గార్లల ఉన్నడు. గీడ నాకు మీరే."

ఆయన వంచాడు. ఉన్ని టోపీ అంచులో మొలకలు దోపాక కూడా వెంటనే తల ఎత్తలేకపోయాడు.

"మా పొలాలల్ల నాట్లేసింది తండోళ్లే బిడ్డా," అన్నాడు. "వాళ్ల ఇండ్లల్ల నీళ్లు తాగొద్దని మమ్ముల్ని పెంచిండ్రు. నేను గూడ ఎన్నడు తాగలే."

పక్కనే ఎర్రదారం కట్టిన దీప సీసా ఉంది. పోయడానికి ఇక బుట్ట లేదు కనుక నిండుగా ఉంది.

"జర నీ నీళ్లు ఇయ్యి, చెల్లె."

దీప సీసా అందించింది. జగపతి మూతికి పెట్టుకుని తాగాడు.