నాలుగో పాటలో సైరను

పోయిన ఆదివారం మా మనవరాలు ఫోనులో ఒక పాట పెట్టి నా చెవి దగ్గరికి తెచ్చింది. రెండు క్షణాలు విన్నానో లేదో, అది నేను బ్యాండు వదిలేసి ఒంటరిగా చేసిన క్యాసెట్టులోని నాలుగో పాటేనని పోల్చుకున్నాను. పాత క్యాసెట్లు పోగుచేసే వాళ్ళెవరో దాన్ని ఇంటర్నెట్టులో పెట్టారట. బాగుందని ముచ్చటపడేలోపే ఆ పిల్ల, పాట మధ్యలో సైరను పెట్టాలని నీకెలా తోచింది తాతయ్యా అని అడిగేసింది. ఈ ప్రశ్న ఎప్పుడో ఒకరోజు వస్తుందని ఇన్నేళ్ళూ కాచుకునే ఉన్నాను. మా ఖరగ్‌పూర్ మనిషి ఎవరో అడుగుతారనుకుంటే, విశాఖపట్నంలో పుట్టి పెరిగి సెలవులకు వచ్చిన పిల్ల అడిగింది.

ఓల్డ్ సెటిల్‌మెంటు రైల్వే కాలనీలో మా రెండు గదుల క్వార్టరు గోడకు, రైల్వే క్యాలెండరు పక్కన, ఒక కత్తి వేలాడేది. శ్రీకాకుళం వైపు మా ముత్తాతగారికి దివాణం ఉండేది. అది పోయాక తాతగారు ఈ ఊరొచ్చి వర్క్‌షాపులో కలాసీగా చేరారు. నూనె మరకల చొక్కాతోనే రోజూ ఆ కత్తికి దణ్ణం పెట్టి భోజనానికి కూర్చునేవారు. నాన్నగారు పక్కింట్లో మంచినీళ్ళు కూడా అడిగి తాగి ఎరగరు. అదే పెంపకం నాకూ వచ్చింది, అందుకు నేనేమీ సిగ్గుపడను.

అటువంటి ఇంట్లోకి గిటారు ఎలా వచ్చిందంటే, పక్క క్వార్టరులో చర్చిలో వాయించే మాస్టారు ఒకాయన ఉండేవారు, ఆయన నేర్పారు. మా మేనమామ కొడుకు, అంటే మా బావ, డ్రమ్ములు కొట్టేవాడు. ఇంకో ఇద్దరు కలిసి నలుగురం బ్యాండుగా తయారై, క్రిస్మసుకీ కొత్త సంవత్సరానికీ రైల్వే ఇన్‌స్టిట్యూటు హాల్లో రాక్ పాటలు వాయిస్తే బెంగాలీ కుర్రాళ్ళు కుర్చీలెక్కి గెంతేవారు. మా ఈడు వాళ్ళకు ఆ హాలు, ఆ చెక్క నేల గుర్తుండే ఉంటాయి. పెద్దరికం బావది, పాటలు నావి.

ఒకసారి మా ఊళ్ళోనే ట్రాఫిక్ అనే పేటలో ఓ పెళ్ళికి వాయించాం. చుట్టాలందరూ తిని లేచాక మాకు పెరట్లో, సన్నాయి వాళ్ళ వరుసలో ఆకులు వేశారు. ఆ సన్నాయి ఆయన మాకంటే బాగా వాయించాడన్నది నిజం, ఆయన పక్కన కూర్చోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. పిలిచి పెరట్లోకి తోసినందుకే నా ఒళ్ళు మండింది. బావ మాత్రం అప్పటికే పప్పన్నం కలుపుతున్నాడు.

"రా, దొరగారూ, పప్పు సల్లారిపోతంది. ఆకలికి దివాణమేటి, క్వార్టరేటి!"

నేను నిలబడే, మీరెవరూ లేకుండా నేనొక్కణ్ణే క్యాసెట్టు చేసి చూపిస్తానని, అందరూ వినేలా అనేశాను.

"సెయ్యి, సెయ్యి! మరి డ్రమ్ము ఎవుడు కొడతాడు, మీ కత్తి కొడతాదేటి?" అన్నాడు బావ. సన్నాయి వాళ్ళతో సహా అందరూ నవ్వారు.

ఆ నవ్వుతో నాకు వెనక్కి దారి లేకుండా పోయింది. క్యాసెట్టు బాగా రాకపోతే తల వంచుకుని మళ్ళీ బావ దగ్గరికే పోవాలి. వర్క్‌షాపులో సెలవు పెట్టి, కిటికీలకు బొంతలు కట్టి, గోల్‌బజారులో రేడియోలు బాగుచేసే ఆయన్ని రెండు టేపురికార్డర్లతో ఇంటికి పిలిపించాను. డ్రమ్ముకు బదులు తాతగారి ఇనుప పెట్టె వాయించాను. ఒకప్పుడు భూముల పత్రాలుండే పెట్టె అది, ఖాళీ అయిపోయింది కాబట్టే అంత బాగా మోగింది.

అమ్మకు గట్టిగా ఊపిరి కూడా పీల్చవద్దని చెప్పాను. పాపం, అలాగే పొయ్యి దగ్గర బొమ్మలా కూర్చుంది. కానీ నాలుగో పాట సగంలో అన్నం గిన్నె మీద మూత టంగుమంది. టేపు వెనక్కి తిప్పి విన్నాక అమ్మను విసుక్కున్నాను. చెయ్యి దానంతటదే కదిలిపోయిందిరా అంది. మూత చప్పుడు తాళానికి సరిగ్గా పడింది, ఉంచేద్దాం అన్నాడు రేడియో ఆయన. మూడుసార్లు విని, సరే అనుకున్నాం. మూతకు ముందు వర్క్‌షాపు మధ్యాహ్నం సైరను పాట మీద అంత పొడుగున కూసిందన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కరి చెవినా పడలేదు. పుట్టినప్పటి నుంచి రోజూ వినేదాన్ని ఎవరు వింటారు! అమ్మ చెయ్యి ఒక్కటే విన్నది.

కలకత్తాలో కాపీలన్నీ తీసేశాక అక్కడి బెంగాలీ ఆయన చెవుల మీది హెడ్‌ఫోను తీసి, "ఏయ్ సైరన్‌టా దారుణ్ హోయెఛే, దాదా!" అని, ఈ సైరను అద్భుతంగా కుదిరిందని మెచ్చుకున్నాడు. ఏ సైరను అనుకుంటూ హెడ్‌ఫోను పెట్టుకున్నాను. సైరనే కూసింది. కావాలనే పెట్టానని చెప్పాను. నా జీవితంలో ఆడిన అబద్ధాల్లో అంత తొందరగా నోట్లోంచి వచ్చింది మరొకటి లేదు.

ఊళ్ళో క్యాసెట్టు బాగానే పోయింది. కిటికీల్లోంచి నా గొంతు వినబడేది. బావ కూడా కొన్నాడని తెలిసింది. ఈరోజు నవ్వుతారు, రేపు నవ్వుతారని ఎదురుచూశాను. సైరను మాట ఒక్కరూ ఎత్తలేదు. నవ్వి ఉంటే తట్టుకునేవాణ్ణి. అందరూ కూడబలుక్కుని నా మీద జాలిపడుతున్నారని, అందులో బావ చెయ్యి ఉందని నమ్మాను. ఇంకో క్యాసెట్టు చెయ్యలేదు. గిటారు ఆ ఇనుప పెట్టెలోకి పోయింది. బావా నేనూ పెళ్ళిళ్ళలో, కర్మల్లో ఎదురుపడితే తల ఊపుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు.

మనవరాలు అడిగాక ఇక దాచలేక, ఆ పిల్లను వెంటబెట్టుకుని టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, ట్రాఫిక్ పేటకు వెళ్ళాను. బావ తన కొడుకు క్వార్టరు వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. కూర్చోకుండానే అడిగేశాను.

"బావా, నువ్వు ఆ రోజే ఇన్నావు గదా. ఒక్క మాటైనా అన్లేదేటి?"

"ఏటి ఇన్నాను?"

"నాలుగో పాటలో సైరను."

"ఏ సైరను?"

నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. మనవరాలు పాట పెట్టింది. బావ కళ్ళు మూసుకుని మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తూ, "పెట్టె బాగా మోగించినావురా, దొంగా" అన్నాడు. సైరను వచ్చింది, పోయింది, వేళ్ళు ఆగలేదు. రెండోసారీ అంతే. మూడోసారి మనవరాలు సరిగ్గా అక్కడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. బావ కళ్ళు తెరిచాడు.

"ఓరి నాయనోయ్! ఇది మన సైరనేట్రా! ఇన్నాళ్ళూ ఇనబళ్ళేదు గదరా!" అని దగ్గొచ్చేదాకా నవ్వాడు. తర్వాత, "కత్తి మీద ఏసిన మాటకి అలిగినావనుకున్నాను. అందుకే రాలేదు" అన్నాడు, తగ్గు స్వరంతో.

ఎవరూ జాలిపడలేదు. ఎవరికీ వినబడలేదు, అంతే. నేనూ నవ్వాను. కోడలు కంచాలు పెట్టింది. రా దొరగారూ, పప్పు సల్లారిపోతంది అన్నాడు బావ మళ్ళీ. ఈసారి కూర్చుని తిన్నాను.

రిటైరయ్యాక ఊరి బయట సాలువా దారిలో కట్టుకున్న నా ఇంటికి ఆ సైరను రాదు. ఒకప్పుడు ఊరంతా ఒకే కూతకు లేచి, ఒకే కూతకు పొయ్యి మీది గిన్నె దింపేది. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ళను లేపుతోంది. మనవరాలు ఆ పాటను నా ఫోనులో కూడా వేసి వెళ్ళింది. రోజూ పెట్టుకుంటున్నాను. అందులో నా గిటారు ఎలా పలికిందో పట్టించుకోవడం మానేశాను. సైరను కూసేదాకా ఆగి, ఆ తర్వాత అమ్మ పెట్టిన మూత టంగుమనగానే ఆపేస్తున్నాను.