ఖర్జూర చెట్టుకు తగిలిన గాలం

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే మా తమ్ముడు నవ్వుతాడు, నేనింకా డిగ్రీలోనే ఉన్నాను కనుక. అయినా వాడికి నేను పెద్దదాన్నే. చెప్పే హక్కు నాకుంది.

కరోనా వచ్చిన ఏడాది మా అమ్మ ఆఫీసు ముదీర్, అంటే మేనేజరు, దేశం వదిలి వెళ్ళిపోతూ, సూట్‌కేసులో పట్టని కొత్త ఫ్లై రాడ్డు ఒకటి నాకని ఇచ్చాడు. ఎరకు బదులు ఈకలతో చుట్టిన దొంగ ఈగను దూరంగా విసిరే సన్నటి కర్ర అది. చలిదేశాల ట్రౌట్ చేపల కోసం చేసింది. ఈ ఎడారి దేశంలో మేముండే ఇంటర్నేషనల్ సిటీలో ట్రౌట్ దొరకదు కాబట్టి, బిల్డింగు వెనక పార్కింగులో పాత చెప్పులకు గురిపెట్టి నెలల తరబడి విసరడం నేర్చుకున్నాను.

చలికాలం రాగానే కార్ లిఫ్ట్ అంకుల్ మమ్మల్ని హత్తా వైపు ఒక తోటలోని చేపల చెరువుకు తీసుకెళ్ళాడు. అమ్మా, పక్కింటి నెల్లూరు అక్కా నెల కిరాయి కట్టి రోజూ జెబెల్ అలీకి పనికి వెళ్ళేది ఆయన కార్లోనే. ఆ చెరువులో ఉన్నది ట్రౌట్ కాదు, తిలాపియా. రాడ్డుకు ఆ సంగతి మేం చెప్పలేదు.

నేను దారం ఎక్కించి లేచేలోపే అంకుల్ రాడ్డు అందుకున్నాడు. "ఉండమ్మా, ముందు నేను చూపిస్తా. గోదాట్లో ఎన్ని పట్టలేదు."

వెనక్కి చూసుకుని విసరాలని చెప్పాను. ఆయన ఎద్దును అదిలించినట్టు విసిరాడు. గాలం ఆయన వెనకనున్న ఖర్జూర చెట్టుకు తగులుకుంది. విడిపించే బదులు బలంగా లాగాడు. రాడ్డు కొస పుటుక్కున విరిగింది.

"చైనా మాల్. ఖలాస్," అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. విరిచినందుకు ఆయన మీద వచ్చిన కోపం, నవ్వినందుకు అమ్మ మీద వచ్చిన కోపం ముందు చిన్నబోయింది. ఆయనకు కోపమొస్తే రేపు పనికి వెళ్ళే దారి లేదని అమ్మ భయం. కార్ లిఫ్టులో సీటుకు కిరాయితో పాటు నవ్వు కూడా కట్టాలి.

మాతో వచ్చిన నెల్లూరు అక్క నవ్వలేదు. "అన్నా, పిల్ల రాడ్డు విరిచింది మీరు. సారీ చెప్పండి," అంది, ఉప్పు అందించమన్నంత మామూలుగా.

"ఏంటమ్మా, సరదాకి అన్నదానికి."

"నేను సరదాకి అనడంలా."

"రేపు డ్యూటీకి ఎలా వెళ్తావేంటి?"

"బస్సులో పోతా. ముందు పిల్లకి చెప్పండి."

ఆయన చెరువు వైపు తిరిగి సారీ అన్నాడు.

"తిలాపియాకి కాదన్నా. పిల్ల ఇటుంది."

ఈసారి నా ముఖం చూసి చెప్పాడు.

మర్నాడు కారు అక్క కోసం ఆగలేదు. అమ్మ తల వంచుకుని ఎక్కింది. అక్క బస్సు స్టాపు వైపు నడిచి వెళ్ళడం కిటికీలోంచి చూశాను. నా కోపం రెట్టింపయింది. సాయంత్రం ఆ మాట అక్కతో చెబితే, మరిచిపొమ్మంటుందనుకున్నాను. "ఉండనీ. ఊరికే అరిచి దాన్ని వేస్టు చేసుకోమాక," అంది.

ఆ కోపాన్ని ఇప్పటికీ పదిలంగా దాచుకున్నాను. అవసరమైన చోట గొంతు పెంచకుండా బయటికి తీస్తాను. తీసే ముందు, ఇంటికెళ్ళే బస్సు ఎన్నింటికో మాత్రం చూసుకుంటాను.