వాగులోంచే వెళ్లాలా?

అమెరికాలో మేముండే చోట పదిహేనేళ్ల పిల్లలు ఒంటరిగా కారు నడపొచ్చు. కానీ ఇంటి నుంచి స్కూల్‌కి, అదీ దగ్గరి దారిలోనే వెళ్లాలి. మొన్న పెద్ద వానకి ఆ దారిలో వాగు పొంగింది. మా అమ్మాయి మేఘన కారు వెనక్కి తిప్పి చుట్టుదారిన వెళ్లింది. పోలీసు ఆపి, నాకు ఫోన్ చేశాడు.

నేను వెళ్లేసరికి పిల్ల ఏడుస్తోంది. "అమ్మా, రోడ్ మీద ఫుల్ వాటర్ ఉంది. నేను రాంగ్ చేశానా?" అంది.

"రూల్ ప్రకారం దగ్గరి దారే," అన్నాడతను జరిమానా టికెట్ రాస్తూ.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ కూతురైతే ఆ నీళ్లలోకి వెళ్లమంటారా?" అని అడిగాను. అతను టికెట్ నా చేతిలో పెట్టాడు.

తర్వాత కోర్టులో జడ్జి దాన్ని కొట్టేశారు. మేఘన మాత్రం ఇప్పటికీ స్టీరింగ్ పట్టుకోనంటోంది. తెలివిగా ప్రాణం కాపాడుకున్న పిల్లను మెచ్చుకోవాల్సింది పోయి బెదరగొట్టారు. తలుచుకుంటే ఇవాళ్టికీ నా కోపం చల్లారదు.