గాలి సున్నా చూపించిన రోజు

నా చిన్నప్పుడు కెనడాలోని విండ్సర్‌లో మా పెరటి కంచె పక్కన నాన్న ఒక వాతావరణ యంత్రం పెట్టుకున్నాడు. ఇనప గొట్టం మీద గాలి వేగాన్ని కొలిచే మూడు చిన్న గిన్నెలు, వాటి కింద దిక్కు చూపే తోక, వంటింట్లో అంకెలు చూపే డిస్‌ప్లే. కార్ల ప్లాంటు నుంచి రాగానే బూట్లు విప్పకముందే దాన్ని చూసేవాడు. నన్ను అంత ముద్దుగా చూసిన గుర్తు నాకు లేదు.

దసరా వెళ్లిన కొన్ని రోజులకు, అమ్మ డ్యూటీలో ఉండగా, ఒక మధ్యాహ్నం గాలి విరుచుకుపడింది. పక్కింటి కంచె పలకలు ఊడి వచ్చి మా గోడకు కొట్టుకున్నాయి. మేపుల్ చెట్టు కొమ్మ విరిగి కారు అద్దం పగలగొట్టింది. డిస్‌ప్లేలో మాత్రం గాలి వేగం సున్నా, దిక్కు ఉత్తరం. నాన్న బ్యాటరీలు మార్చాడు, రీసెట్ చేశాడు. సున్నా కదల్లేదు. ముందురోజు నేను పెరట్లో బంతి ఆడిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది. చెంప పగిలేలా కొట్టాడు. "ఐ డిడ్న్ట్ టచ్ ఇట్" అన్నందుకు ఇంకోటి పడింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. అప్పుడు బెల్టు తీశాడు.

మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ కాలేజీలో చదువుకునే వరంగల్ అక్క ఆ కేకలు విని మెట్లెక్కి వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"అంకుల్, జర ఆగుండ్రి. ముందు సెన్సర్ చెక్ చేద్దాం."

"నువ్వు కిందికెళ్లు. నా ఇంట్లో తలదూరిస్తే రేపే రూమ్ ఖాళీ చెయ్యాలి."

ఆ రోజుల్లో స్టూడెంట్లు తండోపతండాలుగా దిగేవారు, ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు సర్దుకునేవారు. చలికాలం ముందు రూమ్ పోతే ఇంకోటి దొరకదని అక్కకు బాగా తెలుసు. అయినా నా చెయ్యి పట్టుకుని ఆ గాలిలోకే నడిచింది. నాన్న బెల్టుతో వెనకే వచ్చాడు.

అక్క ముందు వైరును పొడవునా తడిమి చూసింది, ఎక్కడా తెగలేదు. ప్లగ్గు తీసి మళ్లీ పెట్టింది, అదీ బాగానే ఉంది. బోల్టు వదులు చేసి గొట్టాన్ని కిందికి దించి గిన్నెలను వేలితో తోసింది. తిరగలేదు. తోకా బిగుసుకుపోయి ఉంది. ఇరుసుకు నల్లదారం చుట్టలు చుట్టలుగా పట్టేసి, దాని కొసన ఒక ఎండిన మిరపకాయ వేలాడుతోంది. ఆయుధపూజ నాడు కారుకు కట్టినట్టే ఈ యంత్రానికీ దిష్టి తగలకుండా నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది నాన్నే. నిమ్మకాయ ఎప్పుడో రాలిపోయింది, దారం మిగిలింది.

అక్క దారాన్ని బ్లేడుతో కోసి, ముడి మాత్రం విప్పకుండా నాన్న చేతిలో పెట్టింది.

"ఈ ముడి ఎవరేసిండ్రు అంకుల్?"

నాన్న ఆ ముడిని ఒకసారి చూసి జేబులో వేసుకున్నాడు. బెల్టు మళ్లీ నడుముకు పెట్టుకున్నాడు. రూమ్ మాట మళ్లీ ఎత్తలేదు. నాకు సారీ కూడా చెప్పలేదు. దానికి నాకు ఇప్పటికీ కోపమే.

ఆ కోపం నాకు నాన్న నుంచే వచ్చింది, చెయ్యి కూడా ఆయనదే. పిల్లల్ని పెంచినన్నాళ్లూ ఆ చెయ్యి లేచినప్పుడల్లా, ముడి ఎవరేసిండ్రని అక్క అడిగిన మాటే నన్ను నేను అడిగేదాన్ని. చాలాసార్లు చెయ్యి దిగిపోయేది. ఒక్కసారి మాత్రం ఆ మాట అడగకుండానే నా కూతుర్ని కొట్టాను. ఆ రోజు ముడి వేసింది నేనే, తను కాదు.