మా ఆయన వేసిన శవం వేషం

మా ఆయన శవంగా నటించిన సినిమా టీవీలో ఎప్పుడు వచ్చినా వీధిలో వాళ్ళు నాకు కబురు చేస్తారు. కథ చిన్నదే. ముగ్గురు చిల్లర దొంగలు ఒక ఇంట్లో దూరితే ఇంటాయన అప్పటికే చచ్చి ఉంటాడు. హత్య నేరం తమ మీద పడుతుందని ఆ శవాన్ని బతికున్న మనిషిలా ఆటోలో, బస్సులో, చివరికి పెళ్ళి భోజనాల బంతిలో కూడా కూర్చోబెట్టి తిప్పుతారు. ఆ శవం మా ఆయనే.

ముత్తుకూరు బజారులో ఆయనకు ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపు ఉండేది. దండ వేసే ఫొటో ఒకటి కావాలని సినిమా వాళ్ళు వచ్చేసరికి ఈ మహానుభావుడు కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాళ్ళకు ఫ్రేముతో పాటు శవం కూడా దొరికింది. నాకు ఒళ్ళు మండింది. పౌరాణిక నాటకాల్లో ఈయన పద్యం ఎత్తుకుంటే చివరి వరసలో పిల్లలు కూడా అల్లరి మానేవాళ్ళు. అలాంటి గొంతున్న మనిషికి ఒక్క మాట లేని వేషమా!

"ఏమ్మే, మాట ఉంటే ఎవుడైనా చేస్తాడు. మాట లేకుండా నిలబెట్టాల" అన్నాడు.

"నిలబెట్టేదేముంది, పడుకునేదే గదా" అన్నాను.

చివరి రోజు షూటింగ్ పగలే, సముద్రం ఒడ్డున. వెనక థర్మల్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు, ముందు ఇసుక మీద వెల్లకిలా ఆయన. దొంగల్లో పెద్దవాడిగా వేసిన నటుడు గట్టివాడు. శవాన్ని తిట్టి, అంతలోనే భయపడి దాని చొక్కా గుండీ సర్దుతుంటే నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే మా ఆయన వంక చూశాను. ఒక ఎండ్రకాయ ఆయన చేతి మీదికెక్కి మెల్లగా అటు దిగింది. వేలు కదల్లేదు. ఎక్కడిదో కుక్క వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. దాన్ని ఏడవమని ఎవరూ చెప్పలేదు.

"ఊపిరి ఎక్కడ దాచావన్నా?" అని షాటు అయ్యాక ఆ నటుడు అడిగాడు.

"యాడనో పెట్టినా, ఎతుక్కోవాల" అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ మాట నచ్చలేదు.

శవం వేషం వేసినవాళ్ళు చివరి షాటు అయ్యాక అదే వేషంలో కెమెరా వైపు చూసి నవ్వాలట. చావు పీడ అక్కడితో వదిలిపోవాలని సినిమా వాళ్ళ ఆచారం. "ఒక్కసారి నవ్వండి సార్" అన్నాడు కెమెరామన్. ఈయన ససేమిరా అన్నాడు. రంగు కడుక్కునే దాకా వేషంలోంచి బయటికి రాకూడదని నాటకం నేర్పిన గురువు పెట్టిన నియమం. "రంగు తీసి వచ్చి నవ్వుతా" అని బకెట్టు దగ్గరికి పోయాడు. మొహం తుడుచుకుని వచ్చేసరికి వెలుతురు పోయింది, కెమెరా పెట్టెలోకి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాలిస్తే, కళ్ళు సగం తెరిచి అచ్చం ఇసుక మీద ఉన్నట్టే ఉండేవాడు. నేను వంటింట్లోంచి వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. "ఇంకా ఉండానులేమ్మే" అనేవాడు, పెదవి కదిలీ కదలకుండా.

సినిమా విడుదలయ్యాక నెల్లూరులో మ్యాట్నీకి పోయాం. హాలంతా పడీ పడీ నవ్వుతోంది. పెళ్ళి బంతిలో శవం విస్తట్లో పప్పు వడ్డిస్తూ ఒకామె "మొహమాటపడబాకండి" అంటే నా వెనక ముసలాయనకు నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ముగ్గురు దొంగలూ పోటీపడి చేశారు, కాదనను. కానీ వాళ్ళ మధ్యలో కదలని ఆ మొహం నిజంగా చచ్చినట్టు లేకపోతే వాళ్ళ భయం తేలిపోయేది. పక్కకు చూస్తే తెర వెలుగులో అదే మొహం. నవ్వట్లేదు, రెప్ప వెయ్యట్లేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఏసీ వల్లేనని నాకు నేనే చెప్పుకున్నాను.

"చూసినావా" అని గొణిగాడు. "ఇసక మీద షాట్లో కడుపు కదిలింది. ఊపిరి తీసుకున్నా. చెడగొట్టినా."

బయటికి రాగానే పోస్టరు కింద నిలబెట్టి ఫోన్ తీశాను. "నవ్వు. నవ్వితేనే ఇంటికి" అన్నాను. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, నాటకంలో రాజులా పెద్దగా నవ్వాడు. స్టాండులో బండ్లు తీసుకునేవాళ్ళంతా తిరిగి చూశారు. హమ్మయ్య అనుకున్నాను.

ఆ ఏడు తుఫాను రోజుల్లో, మధ్యాహ్నం పూటే, నడుం వాల్చిన మనిషి లేవలేదు. వేలు పెట్టి చూశాను. వేలు తియ్యలేదు. "ఇంకా ఉండానులేమ్మే" అంటాడని అట్లాగే కూర్చున్నాను. కడసారి చూడటానికి వచ్చినవాళ్ళలో ఒకతను ఆ మొహం చూసి, సినిమా గుర్తొచ్చి, నవ్వబోయి తల దించుకున్నాడు. అతని మీద కోపం రాలేదు. ఇది కూడా వేషమేనేమోనని నేనూ చూస్తూనే ఉన్నాను.

ఫోన్‌లో ఆ నవ్వు ఇంకా ఉంది. దాన్ని చూడను. అది రాజు నవ్వు, మా ఆయనది కాదు. సినిమా మాత్రం వచ్చిన ప్రతిసారీ చూస్తాను. అందరూ దొంగల్ని చూసి నవ్వుతుంటారు. నేను ఇసుక మీద షాటు కోసం కాచుకుంటాను. ఎండ్రకాయ దిగిపోతుంది, కుక్క ఏడుస్తుంది, అప్పుడు చొక్కా గుండీ కింద కడుపు సన్నగా పైకి లేస్తుంది. ఆయన చెడగొట్టానన్న చోటు అదే. నేను లేచి టీవీ దాకా పోయి అక్కడ వేలు పెడతాను.